ఐకాన్లు మారిపోయాయని ఫార్మాట్ కొట్టించకండి

పాత కంప్యూటర్ ఆన్ చేస్తే డెస్క్‌టాప్ మీద ఐకాన్లన్నీ తెల్లకాగితం బొమ్మలైపోయి ఉంటాయి, లేకపోతే వర్డ్ ఉండాల్సిన చోట ఇంకేదో బొమ్మ ఉంటుంది, లేకపోతే టాలీ నుంచి క్రోమ్ దాకా అన్నిటికీ ఒకటే బొమ్మ. చెన్నైలో సీపీయూ బాక్సు చంకన పెట్టుకుని చిన్న రిపేర్ షాపుకి వెళ్తే దీనికి తరచుగా వినిపించే మాట ఒకటే, "ఫార్మాట్ పణ్ణిడలాం సార్" అని, అంటే డిస్కంతా తుడిచేసి విండోస్ మళ్లీ వేసేద్దామని. చేసేస్తారు కూడా. సాయంత్రానికి ఐకాన్లు తళతళలాడుతూ తిరిగొస్తాయి. డెస్క్‌టాప్ మీద పెట్టుకున్న లెక్కల ఫైళ్లు, అమ్మాయి పెళ్లి ఫోటోలు, ఇంట్లో పెద్దాయన అనూ ఫాంట్లలో కొట్టుకున్న ఉత్తరాలు మాత్రం రావు.

ఐకాన్ అనేది బొమ్మ. బొమ్మ చెడితే నూటికి తొంభై పాళ్లు బొమ్మతోనే సరిపోతుంది, కంప్యూటర్ మొత్తం కడిగెయ్యక్కర్లేదు. ఎక్స్‌పీ, విండోస్ 7, 10 ఉన్న పాత మెషీన్లలో ఏం చెయ్యాలో చెప్తాను. ఒక్క మాట ముందే: ఇక్కడ తెలుగులో రాసిన మెనూల పేర్లు, ఫైళ్ల పేర్లు మీ కంప్యూటర్లో ఇంగ్లీషులోనే కనిపిస్తాయి, టైప్ చెయ్యాల్సినవి కూడా ఇంగ్లీషు అక్షరాల్లోనే టైప్ చెయ్యాలి.

అసలు ఆ బొమ్మ ఎక్కణ్ణించి వస్తోంది

డెస్క్‌టాప్ మీద ఎడమ మూలన చిన్న బాణం గుర్తుతో కనిపించేది ప్రోగ్రామ్ కాదు, షార్ట్‌కట్. ఒకటి రెండు కేబీల ఫైలు, అంతే. అందులో ముఖ్యంగా ఉండేవి రెండు అడ్రసులు: ప్రోగ్రామ్ ఎక్కడుందో ఒకటి, బొమ్మ ఎక్కణ్ణించి తెచ్చుకోవాలో ఇంకొకటి. బొమ్మ మామూలుగా ఆ ప్రోగ్రామ్ ఈఎక్స్ఈ ఫైల్లోపలే ఉంటుంది, కొన్నిసార్లు ప్రోగ్రామ్‌కి తోడుగా ఉండే డీఎల్‌ఎల్ ఫైల్లో. డెస్క్‌టాప్ తెరిచిన ప్రతిసారీ ఈ ఫైళ్లన్నిటినీ తెరిచి బొమ్మలు లాక్కోవాలంటే పాత హార్డ్ డిస్కు మీద చచ్చేంత టైం పడుతుంది. అందుకని విండోస్ ఒకసారి లాగిన బొమ్మల్ని ఓ దాపుడు ఫైల్లో పోగేసుకుని, తర్వాత అక్కణ్ణించే చూపిస్తుంది. దాన్నే ఐకాన్ క్యాచీ అంటారు. విండోస్ 95, 98 రోజుల్లోనూ ఇది ఉంది, విండోస్ ఫోల్డర్లో షెల్ ఐకాన్ క్యాచీ అనే పేరుతో. ఎక్స్‌పీ, విస్టా, 7 లో ఐకాన్ క్యాచీ డాట్ డీబీ అనే ఒక్క ఫైలు. విండోస్ 10 లో ఐకాన్ సైజుకొక ఫైలు చొప్పున చాలా ఫైళ్లు, అన్నీ ఒకే ఫోల్డర్లో.

ఎక్స్‌పీ, 7 లో ఈ ఫైలు మీరు షట్‌డౌన్ చేసేటప్పుడో, లాగాఫ్ అయ్యేటప్పుడో రాయబడుతుంది. సరిగ్గా ఆ టైంలో కరెంటు పోయిందనుకోండి, సగం రాసిన ఫైలు మిగులుతుంది. యూపీఎస్ బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయి పేరుకి మాత్రం టేబుల్ కింద కూర్చున్న ఇళ్లల్లో ఈ కంప్లైంట్ ఎక్కువ. మరునాడు ఆన్ చేస్తే ఎవరి బొమ్మ ఎవరికి వస్తుందో తెలీదు. పెళ్లి ఆల్బమ్ వానలో తడిసి ఫోటోలు అంటుకుపోతే పెళ్లి రద్దయిపోదు కదా, ఇదీ అంతే, ప్రోగ్రామ్ దాని చోట అది ఉంటుంది.

కాబట్టి మొదటి పని, మీకు బాగా తెలిసిన ఓ ఐకాన్ మీద డబుల్ క్లిక్ చెయ్యడం. ప్రోగ్రామ్ మామూలుగా తెరుచుకుంటే గోల బొమ్మదే, క్యాచీ తీసేస్తే పోతుంది. వేరే ప్రోగ్రామ్ తెరుచుకుంటే అది ఇంకో జబ్బు, కింద చెప్తాను. "ఫైలు దొరకలేదు" అని వస్తే ప్రోగ్రామే లేదు, లేదా అది ఉన్న డ్రైవ్ తగిలించి లేదు. ఇలాంటప్పుడు ఒకటో రెండో ఐకాన్లు మాత్రమే తెల్లబడతాయి, మిగతావి బాగుంటాయి. ఎక్స్‌టర్నల్ డిస్కులోని ప్రోగ్రామ్‌కి షార్ట్‌కట్ పెట్టుకుని, డిస్కు పీకేసి, ఐకాన్ పాడైందని కంగారు పడేవాళ్లు చాలామంది. పెన్ డ్రైవ్‌లో కనిపించే వింత షార్ట్‌కట్ల మీద మాత్రం ఈ డబుల్ క్లిక్ పరీక్ష చెయ్యకండి. దాని సంగతి వేరు.

తెర తప్పా, బొమ్మ తప్పా

రంగులు తేడాగా ఉన్నాయి, ఐకాన్ల మీద చుక్కలు గీతలు ఉన్నాయి అంటే సాఫ్ట్‌వేర్ జోలికి వెళ్లే ముందు ఓ చిన్న పరీక్ష ఉంది. ప్రింట్ స్క్రీన్ నొక్కండి, పెయింట్‌లో పేస్ట్ చేసి సేవ్ చెయ్యండి, ఆ బొమ్మని మెయిల్లోనో పెన్ డ్రైవ్‌లోనో ఫోన్‌కి పంపి చూడండి. ఫోన్లో శుభ్రంగా కనిపిస్తే మీ విండోస్ జోలికి పోనక్కర్లేదు, లోపం చాలావరకు మానిటర్లోనో కేబుల్లోనో ఉంది. ఫోన్లో కూడా అదే చెత్త కనిపిస్తే లోపం లోపలే ఉంది.

పాత నీలం వీజీఏ కేబుల్‌కి 15 పిన్నులుంటాయి, ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒక్కోటి ఒక్కో పిన్ను మీద వస్తుంది. నీలం అందకపోతే తెలుపంతా పసుపుగా, ఆకుపచ్చ అందకపోతే గులాబీ ఊదా కలిసిన రంగులో, ఎరుపు అందకపోతే నీలిపచ్చగా కనిపిస్తుంది. అలా కనిపిస్తే కేబుల్ ఊడదీసి పిన్ను వంగిందేమో చూసి, స్క్రూలు బిగించి పెట్టండి. స్క్రూలు బిగించకుండా గుచ్చి వదిలేసే అలవాటు మనవాళ్లలో చాలామందికి ఉంది, ఇల్లు ఊడ్చేటప్పుడు చీపురు తగిలినా చాలు, రంగు మారిపోతుంది.

ఐకాన్లు బొద్దుగా, అడ్డంగా సాగినట్టుంటే వెడల్పు మానిటర్‌కి పాత చదరపు రిజల్యూషన్ పెట్టారని. మానిటర్ వెనకో మాన్యువల్లోనో దాని అసలు రిజల్యూషన్ రాసి ఉంటుంది, 1366 బై 768 లాంటిది, అదే పెట్టండి. ఐకాన్లు బండగా, అంచులు రంపపు పళ్లలా ఉండి, రిజల్యూషన్ 640 బై 480 లేదా 800 బై 600 దాటి పెరగనంటే గ్రాఫిక్స్ డ్రైవర్, అంటే తెరకి బొమ్మ పంపే భాగాన్ని నడిపే సాఫ్ట్‌వేర్, లేదు. కొత్తగా ఫార్మాట్ చేయించుకొచ్చిన మెషీన్లలో ఇది సర్వసాధారణం, విండోస్ వేసి డ్రైవర్లు వెయ్యకుండా ఇచ్చేస్తారు. డివైస్ మేనేజర్లో డిస్‌ప్లే అడాప్టర్స్ కింద చూడండి. విండోస్ 7 లో స్టాండర్డ్ వీజీఏ అని, 10 లో మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్ అని ఉంటే మీ మదర్‌బోర్డు కంపెనీ సైట్లోంచి డ్రైవర్ దించుకుని వెయ్యాలి. ఎక్స్‌పీలో ఇంకోటి, డిస్‌ప్లే ప్రాపర్టీస్‌లో సెట్టింగ్స్ ట్యాబ్‌లో రంగులు 32 బిట్ ఉండాలి. 16 బిట్‌లోనో 256 రంగుల్లోనో ఉంటే ఎక్స్‌పీ ఐకాన్ల మెత్తటి అంచులు రావు, బొమ్మ చుట్టూ మురికి గీత కనిపిస్తుంది.

ఐకాన్ల మీద రంగు చుక్కలు పుట్టుకొచ్చి, కదిలిస్తే మారుతూ ఉంటే ర్యామ్ మీద అనుమానపడండి. విడి గ్రాఫిక్స్ కార్డు లేని మెషీన్లు మామూలు ర్యామ్‌లోంచే కొంత వాడుకుంటాయి, కాబట్టి ర్యామ్ చెడితే బొమ్మలు చెడతాయి. తిరువొత్తియూర్, శాంతోమ్, బీసెంట్ నగర్ లాంటి సముద్రం పక్క ఇళ్లల్లో ఉప్పుగాలికి ర్యామ్ కాంటాక్టులు మసకబారతాయి. పవర్ పూర్తిగా తీసేసి, ర్యామ్ బయటకి లాగి, పెన్సిల్ రబ్బరుతో ఆ బంగారు రంగు పళ్లని మెల్లగా రుద్ది, పొడి దులిపి, క్లిప్పులు టక్కుమనేలా తిరిగి పెట్టండి.

క్యాచీ తీసెయ్యడం

ఇదే అసలు మందు. అయితే చాలామంది సగం చేసి వదిలేస్తారు, అంటే ఫైలు వెతికి డిలీట్ చేసి, దర్జాగా రీస్టార్ట్ చేస్తారు, మళ్లీ అవే పిచ్చి బొమ్మలు. ఎందుకంటే డెస్క్‌టాప్‌ని, ఫోల్డర్లని చూపించే ఎక్స్‌ప్లోరర్ అనే ప్రోగ్రామ్ నడుస్తున్నంతసేపూ ఆ పాడైన బొమ్మలు మెమరీలో ఉంటాయి, షట్‌డౌన్‌లో మళ్లీ వాటినే ఫైల్లోకి రాసేస్తుంది. కాబట్టి ముందు ఎక్స్‌ప్లోరర్‌ని ఆపాలి, ఆ తర్వాత ఫైలు తీసెయ్యాలి. ఈ వరస తప్పకూడదు.

ఎక్స్‌పీ వాళ్లకి ఇంకా తేలిక దారి ఉంది. డెస్క్‌టాప్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, అపియరెన్స్ ట్యాబ్, అడ్వాన్స్‌డ్. ఐటెమ్ అన్నచోట ఐకాన్ ఎంచుకోండి. సైజు 32 ఉంటుంది, 33 చేసి ఓకే కొట్టి అప్లై చెయ్యండి. మళ్లీ అదే దారిలో వెళ్లి 32 చేసెయ్యండి. సైజు మారిందంటే పాత బొమ్మలు పనికిరావు కనుక విండోస్ అన్నిటినీ మళ్లీ లాగుతుంది. ట్వీక్ యూఐ అని మైక్రోసాఫ్ట్ వాళ్లే ఇచ్చిన పాత చిన్న టూల్‌లో రీబిల్డ్ ఐకాన్స్ అనే ఆప్షన్ కూడా ఉండేది, ఎవరి దగ్గరైనా ఆ సెటప్ ఫైలు ఉంటే దాంతోనూ అవుతుంది. లేకపోతే వెతుక్కుంటూ ఊరూపేరూ లేని సైట్లలోంచి దించుకోకండి, 33 కిటుకు చాలు.

విండోస్ 7 కి ఇలా చెయ్యండి. తెరిచినవన్నీ సేవ్ చేసి మూసెయ్యండి. ఫోల్డర్ ఆప్షన్స్‌లో వ్యూ ట్యాబ్‌లో హిడెన్ ఫైళ్లు చూపించమని పెట్టండి, ఎందుకంటే ఈ క్యాచీ ఫైలు హిడెన్. తర్వాత కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. ప్రాసెసెస్ ట్యాబ్‌లో ఎక్స్‌ప్లోరర్ డాట్ ఈఎక్స్ఈ మీద నొక్కి ఎండ్ ప్రాసెస్ కొట్టండి. డెస్క్‌టాప్, టాస్క్‌బార్ అన్నీ మాయమై ఖాళీ తెర మిగులుతుంది, టెన్షన్ పడకండి, టాస్క్ మేనేజర్ మాత్రం మీ చేతిలోనే ఉంటుంది, దాన్ని మూసెయ్యకండి. అందులో ఫైల్ మెనూలో న్యూ టాస్క్, అక్కడ బ్రౌజ్ బటన్. ఫైళ్లు చూపించే కిటికీ వస్తుంది. అందులో కింద ప్రోగ్రామ్స్ అని ఉన్నదాన్ని ఆల్ ఫైల్స్‌గా మార్చండి. ఫైల్ నేమ్ గడిలో లోకల్ యాప్ డేటా అనే మాటని ఇంగ్లీషులో ఖాళీల్లేకుండా కలిపి, ముందొక పర్సెంట్ గుర్తు, వెనకొక పర్సెంట్ గుర్తు పెట్టి ఎంటర్ కొట్టండి. ఆ ఫోల్డర్ తెరుచుకుంటుంది. ఐకాన్ క్యాచీ డాట్ డీబీ కనిపిస్తుంది, రైట్ క్లిక్ చేసి డిలీట్. క్యాన్సిల్ కొట్టి బయటికొచ్చి, మళ్లీ న్యూ టాస్క్‌లో ఎక్స్‌ప్లోరర్ అని టైప్ చేసి ఓకే అంటే డెస్క్‌టాప్ తిరిగొస్తుంది. మొదట ఐకాన్లు ఒక్కొక్కటిగా నింపాదిగా వస్తాయి, పాత డిస్కయితే నిమిషం పట్టొచ్చు.

విండోస్ 10 లో కూడా ఇదే దారి, కాకపోతే టాస్క్ మేనేజర్లో దాని పేరు విండోస్ ఎక్స్‌ప్లోరర్ అని ఉంటుంది, న్యూ టాస్క్ బదులు రన్ న్యూ టాస్క్. టాస్క్ మేనేజర్ చిన్నగా వస్తే కింద మోర్ డీటెయిల్స్ నొక్కండి. రీస్టార్ట్ బటన్ నొక్కకుండా రైట్ క్లిక్ చేసి ఎండ్ టాస్క్ అనండి. ఫైళ్లు ఉండే చోటు కూడా కొంచెం లోపల: అదే లోకల్ ఫోల్డర్లో మైక్రోసాఫ్ట్, అందులో విండోస్, అందులో ఎక్స్‌ప్లోరర్. అక్కడ ఐకాన్ క్యాచీ అనే మాటతో మొదలయ్యే ఫైళ్లన్నీ తీసెయ్యండి. థంబ్ క్యాచీ అని మొదలయ్యేవి ఫోటోల చిన్న బొమ్మలవి, ఫోటోల ప్రివ్యూలు కూడా తప్పుగా వస్తుంటే అవీ తీసెయ్యొచ్చు, నష్టం లేదు, మళ్లీ తయారవుతాయి. ఏదైనా ఫైలు "వాడకంలో ఉంది" అని మొండికేస్తే దాన్ని వదిలేసి మిగతావి తీసెయ్యండి.

డెస్క్‌టాప్ నిండా వందల ఫైళ్లు పరిచి పెట్టుకునే వాళ్లకి క్యాచీ తరచూ నిండిపోతుంది. పాత విండోస్‌లలో దానికి 500 ఐకాన్ల పరిమితి. విండోస్ తన సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీలో మ్యాక్స్ క్యాచ్డ్ ఐకాన్స్ అనే స్ట్రింగ్ పెట్టి 2048 కి పెంచమని సలహా ఇస్తారు, పనిచేస్తుంది కూడా, కానీ నన్నడిగితే ఆ ఫైళ్లని డాక్యుమెంట్స్‌లో నాలుగు ఫోల్డర్లు చేసి సర్దుకోవడం మేలు.

అన్నిటికీ ఒకటే బొమ్మ, ఏది నొక్కినా ఒకటే ప్రోగ్రామ్

షావుకారుపేటలో టోకు కొట్టున్న మా బాబాయి ఫోన్ చేసి "ఒరేయ్, టాలీ పోయిందిరా, ఏది నొక్కినా పీడీఎఫ్‌దే వస్తోంది" అన్నాడు. "ఎవరైనా ఓపెన్ విత్ నొక్కి, ఎప్పుడూ దీంతోనే తెరువు అనే గడిలో టిక్ పెట్టారేమో కనుక్కో బాబాయ్" అన్నాను. కొట్లో కుర్రాడు పెట్టాడట.

దీనికి క్యాచీతో సంబంధం లేదు. షార్ట్‌కట్లన్నీ ఎల్‌ఎన్‌కే అనే ఎక్స్‌టెన్షన్ ఉన్న ఫైళ్లు. ఎల్‌ఎన్‌కే ఫైళ్లని ఫలానా ప్రోగ్రామ్‌తో తెరవమని ఒకసారి చెప్పేస్తే, డెస్క్‌టాప్ మీదున్న షార్ట్‌కట్లన్నీ ఆ ప్రోగ్రామ్ బొమ్మే వేసుకుంటాయి. మొదట సిస్టమ్ రీస్టోర్ ప్రయత్నించండి, నిన్నటి తేదీకో మొన్నటి తేదీకో వెనక్కెళ్తే చాలు. అది మీ డాక్యుమెంట్లని ముట్టుకోదు. రీస్టోర్ పాయింట్లు లేకపోతే రిజిస్ట్రీ. విండోస్ కీతో ఆర్ కలిపి నొక్కి, రెజ్ ఎడిట్ అని కలిపి టైప్ చేసి ఎంటర్. ముందు ఫైల్ మెనూలో ఎక్స్‌పోర్ట్ చేసి ఓ కాపీ ఉంచుకోండి. తర్వాత హెచ్‌కీ కరెంట్ యూజర్, సాఫ్ట్‌వేర్, మైక్రోసాఫ్ట్, విండోస్, కరెంట్ వెర్షన్, ఎక్స్‌ప్లోరర్, ఫైల్ ఎక్స్‌ట్స్ దాకా వెళ్లి, డాట్ ఎల్‌ఎన్‌కే తెరవండి. దాని కింద యూజర్ చాయిస్ ఉంటే దాన్ని ఒక్కదాన్నే డిలీట్ చేసి లాగాఫ్ అయి లాగిన్ అవ్వండి. ఎక్స్‌పీలో యూజర్ చాయిస్ బదులు కుడి వైపు అప్లికేషన్ అనే విలువ ఉంటుంది, అది తియ్యాలి. రిజిస్ట్రీ అంటే భయమున్నవాళ్లు తెలిసినవాళ్లని పక్కన కూర్చోబెట్టుకోండి, అందులో సిగ్గేం లేదు.

పెన్ డ్రైవ్ పెట్టాక ఫోల్డర్లకి బాణాలొచ్చాయా

జిరాక్స్ షాపులో ప్రింటు తీసుకుని ఇంటికొచ్చి పెన్ డ్రైవ్ గుచ్చితే, ఫోల్డర్లన్నీ అలాగే ఉన్నాయి గానీ ఒక్కోదానికి బాణం గుర్తు, సైజు చూస్తే ఒకటి రెండు కేబీలు. ఇది డిస్‌ప్లే లోపం కాదు, షార్ట్‌కట్ వైరస్. మీ అసలు ఫోల్డర్లని దాచేసి, అవే పేర్లతో షార్ట్‌కట్లు పెట్టింది. వాటి మీద డబుల్ క్లిక్ చేశారంటే మీ చేత్తో మీరే వైరస్‌ని నడిపించినట్టు. ఏదీ తెరవకండి. ముందు కంప్యూటర్ని, పెన్ డ్రైవ్‌ని యాంటీవైరస్‌తో స్కాన్ చెయ్యండి. తర్వాత దాచిన ఫోల్డర్లు బయటికి రావాలంటే కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, పెన్ డ్రైవ్ అక్షరం, దాని పక్కన కోలన్ కొట్టి ఎంటర్. ఆ తర్వాతి వరసలో ఏ, టీ, టీ, ఆర్, ఐ, బీ కలిపి. ఖాళీ, మైనస్ హెచ్. ఖాళీ, మైనస్ ఎస్. ఖాళీ, మైనస్ ఆర్. ఖాళీ, స్లాష్ ఎస్. ఖాళీ, స్లాష్ డీ. ఖాళీ, స్టార్ డాట్ స్టార్. ఎంటర్. అసలు ఫోల్డర్లు కనిపిస్తాయి, షార్ట్‌కట్లని డిలీట్ చెయ్యండి. ముఖ్యమైనవి కాపీ చేసుకున్నాక పెన్ డ్రైవ్‌ని ఫార్మాట్ చెయ్యండి, ఇక్కడ మాత్రం ఆ మాట నేనే అంటాను.

ఐకాన్ బాగుంది, కింద పేరే డబ్బాలు

ఫోన్‌లోంచో కొత్త లాప్‌టాప్‌లోంచో తెలుగు పేరున్న ఫైలు తెచ్చి ఎక్స్‌పీ మెషీన్లో పెడితే పేరు బదులు చిన్న చిన్న గడులు కనిపిస్తాయి. ఫైలుకేం కాలేదు. ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చింది గానీ, భారతీయ లిపుల సపోర్టు విడిగా ఆన్ చెయ్యాలి. కంట్రోల్ ప్యానెల్లో రీజనల్ అండ్ లాంగ్వేజ్ ఆప్షన్స్, లాంగ్వేజెస్ ట్యాబ్, అక్కడ కాంప్లెక్స్ స్క్రిప్ట్ ఫైళ్లు వెయ్యమనే గడిలో టిక్ పెట్టి అప్లై. ఎక్స్‌పీ సీడీ అడుగుతుంది, అది పెట్టి, అయ్యాక రీస్టార్ట్. విండోస్ 7, 10 లో ఈ గొడవ లేదు, వాటిలో తెలుగు ముందునుంచే సిద్ధంగా ఉంటుంది. అనూ కీబోర్డు ఆన్‌లో ఉండగా ఫైలు పేరు కొట్టేసిన వాళ్లకి మాత్రం పేరు స్థానంలో ఇంగ్లీషు అక్షరాల గజిబిజి కనిపిస్తుంది. అది అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదివే యూనికోడ్ తెలుగు కాదు కనుక ఏ సెట్టింగూ దాన్ని తెలుగు చెయ్యలేదు, ఎఫ్2 నొక్కి పేరు మార్చుకోవడమే.

చిన్న చిన్నవి

ఐకాన్లు ఒక్కసారిగా రాక్షసాకారంలోకి వచ్చేస్తే కంట్రోల్ పట్టుకుని మౌస్ చక్రం తిప్పి ఉంటారు, అలాగే వెనక్కి తిప్పండి, విస్టా నుంచి ఇది ఉంది. ఒక్క ఐకానూ లేకుండా పోతే డెస్క్‌టాప్ మీద రైట్ క్లిక్, వ్యూలో (ఎక్స్‌పీలో అయితే అరేంజ్ ఐకాన్స్ బై అన్నచోట) షో డెస్క్‌టాప్ ఐకాన్స్ దగ్గర టిక్ పోయి ఉంటుంది. ఎక్స్‌పీలో పేర్ల వెనక రంగు పట్టీ కనిపిస్తే మై కంప్యూటర్ ప్రాపర్టీస్‌లో అడ్వాన్స్‌డ్, పెర్ఫార్మెన్స్ సెట్టింగ్స్‌లోకెళ్లి ఐకాన్ పేర్లకి డ్రాప్ షాడో వాడమనే వరసకి టిక్ పెట్టండి.

విండోస్ 10 లో ఐకాన్ పై మూలన రెండు నీలం బాణాలు ఎదురెదురుగా కనిపిస్తే ఆ ఫైలు కంప్రెస్ అయి ఉందని అర్థం, చోటు మిగల్చడానికి ఎవరో ఆ ఆప్షన్ పెట్టారు. ప్రాపర్టీస్, అడ్వాన్స్‌డ్‌లో కంప్రెస్ టిక్ తీసేస్తే పోతాయి, కానీ సీ డ్రైవ్‌లో చోటు లేకపోతే అలాగే ఉంచండి, హాని లేదు. రీసైకిల్ బిన్ ఖాళీ చేసినా నిండినట్టే కనిపిస్తే డెస్క్‌టాప్ ఐకాన్ సెట్టింగ్స్‌లో రీస్టోర్ డిఫాల్ట్ కొట్టండి. వెబ్‌సైట్ షార్ట్‌కట్లు, అంటే తిరుమల దర్శనం పేజీదో రైలు టికెట్లదో డెస్క్‌టాప్ మీద పెట్టుకున్నవి, క్లీనర్ సాఫ్ట్‌వేర్ నడిపాక బొమ్మ పోగొట్టుకుని బ్రౌజర్ బొమ్మ వేసుకుంటాయి. లింకు పనిచేస్తున్నంతకాలం వాటిని పట్టించుకోకండి.

మళ్లీ మళ్లీ పాడవుతుంటే

క్యాచీ తీశారు, బాగైంది, వారం తిరక్కుండా మళ్లీ పాడైంది. ఇప్పుడు ఆలోచించాలి. సీ డ్రైవ్‌లో చోటుందా, షట్‌డౌన్ సరిగ్గా జరుగుతోందా, ఈ రెండూ బాగుంటే హార్డ్ డిస్కు పోతోందేమో చూడండి. ఫైళ్లు తెరవడానికి నిమిషాలు పట్టడం, లోపల్నుంచి టిక్ టిక్ చప్పుడు, కాపీ చేస్తుంటే మధ్యలో ఆగిపోవడం, ఇవన్నీ గుర్తులు. ఈవెంట్ వ్యూయర్‌లో సిస్టమ్ లాగ్ తెరిచి డిస్క్ అనే పేరుతో 7 నంబరు ఎర్ర గుర్తులు వరసగా ఉంటే అవి బ్యాడ్ బ్లాకులు, అంటే డిస్కు మీద చదవడానికి వీల్లేకుండా పాడైన చోట్లు. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్ వేసుకుంటే నేరుగా చెప్తుంది: నీలంలో గుడ్ అయితే ఫరవాలేదు, పసుపులో కాషన్ అయితే, ముఖ్యంగా రీఅలొకేటెడ్ సెక్టార్లు, పెండింగ్ సెక్టార్లు పెరుగుతుంటే, ఆ డిస్కుని నమ్మకండి.

ఇక్కడ చాలామంది ఉత్సాహంగా డిస్కులో లోపాలు వెతికే చెక్ డిస్క్ పెట్టేస్తారు. బ్యాకప్ కాకముందు పెట్టకండి. చచ్చిపోతున్న డిస్కుని మూల మూలా చదివించడం అంటే దాని మీద గంటల తరబడి భారం వెయ్యడం, ఆ గంటల్లో మీ ఫైళ్లు కాపీ అయిపోయి ఉండేవి. ముందు టాలీ డేటా ఫోల్డర్, ఫోటోలు, డాక్యుమెంట్లు, డెస్క్‌టాప్ మీదున్నవి వేరే డిస్కులోకి, ఆ తర్వాతే ఏ రిపేరైనా.

డిస్కు మార్చాలంటే మౌంట్ రోడ్ పక్కన రిచీ స్ట్రీట్‌కి వెళ్లే ముందు బాక్సు మూత తీసి కేబుల్ చూడండి. సన్నటి కేబులైతే సాటా, మామూలు 2.5 అంగుళాల సాటా ఎస్ఎస్‌డీ, అంటే తిరిగే పళ్లెం లేని కొత్తరకం డిస్కు, పడుతుంది. వెడల్పాటి పట్టీ కేబులైతే ఐడీఈ, అంత పాత మెషీన్ మీద డబ్బు పెట్టడం కన్నా డేటా తీసుకుని వదిలెయ్యడం నయం. ఎక్స్‌పీకి ఎస్ఎస్‌డీలకి కావాల్సిన ట్రిమ్ సపోర్టు (డిలీట్ చేసిన చోటు ఖాళీ అని డిస్కుకి చెప్పే ఏర్పాటు) లేదు, 7 కి ఉంది. మైక్రోసాఫ్ట్ ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8న, 7 కి 2020 జనవరి 14న, 10 కి 2025 అక్టోబర్ 14న మామూలు సపోర్టు, అంటే భద్రతా అప్‌డేట్లు ఇవ్వడం, ఆపేసింది, కాబట్టి టాలీ కోసమో పాత పేజ్‌మేకర్ కోసమో ఎక్స్‌పీనే ఉంచుకోవాలంటే నెట్ కేబుల్ పీకేసి వాడుకోండి.

షాపువాళ్లతో "ఫ్రెష్ ఇన్‌స్టలేషన్ వద్దండీ, ఉన్నదున్నట్టు క్లోన్ చెయ్యండి" అని ముందే చెప్పండి. ఎక్స్‌పీ అయితే విండోస్ కన్నా ముందు నడిచే బయోస్ సెట్టింగుల్లో డిస్క్ మోడ్ ఐడీఈ (ఇది కేబుల్ పేరు కాదు, సెట్టింగ్ పేరు) ఉంటే ఐడీఈలోనే ఉంచమనండి, ఏహెచ్‌సీఐకి మారిస్తే బూట్ అవ్వకుండా నీలం తెర వస్తుంది. క్లోన్ అయ్యాక అక్కడే ఆన్ చేయించి, మీ ఫైళ్లు నాలుగైదు తెరిచి చూసుకుని, అప్పుడు డబ్బులివ్వండి. పాత డిస్కు వాళ్ల దగ్గర వదిలెయ్యకుండా ఇంటికి తెచ్చుకోండి, అందులో మీ బ్యాంకు కాగితాలు కూడా ఉంటాయి.